ట్రౌట్ వేటకు డిసెంబరులో పంపకండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పర్యాటకం పేజీలో హిమాచల్ ప్రదేశ్‌లోని తీర్థన్ లోయ గురించి వేశారు. ఫొటోలు చాలా బాగున్నాయి. ఆ మర్నాడు పొద్దున్నే నలుగురు కుర్రాళ్లు మా కొట్టుకి వచ్చారు. మీ పేజీ మడతపెట్టి చేతిలో పట్టుకుని మరీ వచ్చారు. "మావయ్యా, క్రిస్మస్ సెలవులకి వెళ్తున్నాం. పెద్ద బ్రౌన్ ట్రౌట్ పట్టాలి. ఏ గేలం ఇస్తావు?" అన్నారు. బ్రౌన్ ట్రౌట్ అంటే కొండ నదుల చల్లటి నీళ్లలో బతికే చేప. నేను గేలం ఇవ్వలేదు. కూర్చోబెట్టి టీ ఇప్పించి, గంటసేపు మాట్లాడి పంపించాను. వాళ్లకి చెప్పింది మీ పాఠకులందరికీ చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైనా వేయమని మనవి.

నాది విశాఖ పాత ఊళ్లో వలలు, తాళ్లు, గేలాలు అమ్మే కొట్టు. 34 ఏళ్లుగా అదే పని. మా నాన్నది కూడా అదే. రేవులో మరబోట్ల వాళ్లకి సీసపు గుళ్ల నుంచి రుషికొండ రాళ్ల మీద నిలబడి పార చేపలు పట్టే కాలేజీ పిల్లలకి నైలాన్ దారం దాకా అన్నీ నా చేతి మీదుగానే వెళ్తాయి. నాకు నది వేట పిచ్చి కూడా ఉంది. ట్రౌట్ కోసమే హిమాచల్‌కి మూడుసార్లు వెళ్లి వచ్చాను.

మీ వ్యాసంలో డిసెంబరులో వెళ్తే మంచూ చూడొచ్చు, ట్రౌట్ కూడా పట్టొచ్చు అన్నట్టు రాశారు. అది తప్పు. హిమాచల్‌లో ట్రౌట్ ఉండే నదుల్లో నవంబరు 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా వేట నిషేధం. ఆ నాలుగు నెలలు గేలం వేస్తే కేసు. బ్రౌన్ ట్రౌట్ గుడ్లు పెట్టేది అప్పుడే మరి.

ఈ సంగతి తెలియక నేనే ఒకసారి మోసపోయాను. 2017 నవంబరులో మా బావమరిది, నేను కలిసి బయల్దేరాం. టూరు మాట్లాడిపెట్టిన ఆయన, "సీజన్ తర్వాత కదా, జనం ఉండరు, రూములు చవక, చేపలన్నీ మీవే" అన్నాడు. డబ్బు ముందే కట్టించుకున్నాడు. మేము నమ్మేశాం. ఢిల్లీ దాకా రైల్లో ఒకటిన్నర రోజు, అక్కణ్ణుంచి రాత్రి బస్సు, తెల్లారకుండానే ఔట్ అనే ఊరి సొరంగం దగ్గర దిగి చలికి వణుకుతూ జీపు కోసం ఎదురుచూపు. లోయలోని గుషైనీ ఊరు చేరి గేలపు కర్రలు విప్పుతుంటే బస ఇచ్చిన పెద్దాయన చూసి కంగారుపడ్డాడు. మత్స్యశాఖలో పనిచేసి రిటైరైన తన చుట్టాన్ని పిలిపించాడు. ఆయన మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. "కర్రలు ఇక్కడే పెట్టండి, నాతో రండి" అన్నాడు హిందీలో.

నదిలోకి వచ్చి కలిసే ఒక చిన్న వాగు దగ్గరికి తీసుకెళ్లాడు. మోకాలి లోతు కూడా లేదు. నీళ్లు అద్దంలా ఉన్నాయి. అడుగున రాళ్లన్నీ నాచుపట్టి ముదురు రంగులో ఉంటే, ఒక్కచోట మాత్రం చాట వెడల్పున కంకర తెల్లగా, కడిగి ఆరబోసినట్టు కనిపించింది. అవతలి గట్టుకి దాటడానికి అదే వీలుగా ఉందని నేను కాలు ఎత్తాను. ఆయన నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని వెనక్కి లాగాడు. "అది గూడు" అన్నాడు.

గట్టు మీద బోర్లా పడుకుని చూశాం. జానెడున్నర ఆడచేప పక్కకి ఒరిగి తోకతో టపటపా కొడుతోంది. కొట్టినప్పుడల్లా కంకర లేచి కాస్త కిందికి జారుతోంది. నాలుగైదు దెబ్బలు కొట్టి ఆగుతుంది, గుంట మీదికి వచ్చి పొట్ట ఆనించి లోతు చూసుకుంటుంది, మళ్లీ కొడుతుంది. పక్కనే మగచేప కింది దవడ కొక్కెంలా వంగి ఉంది. ఇంకో మగది దగ్గరికొస్తే తరిమేస్తోంది. రెండూ పక్కపక్కన ఆగి నోళ్లు తెరిచిన క్షణంలో నీళ్లలో పాలచుక్క పడ్డట్టు తెల్లటి పొగ కదిలింది. అయిపోగానే ఆడది ఒక మూర పైకి జరిగి మళ్లీ తవ్వడం మొదలుపెట్టింది. పైన తవ్విన కంకర ప్రవాహంలో కొట్టుకొచ్చి కింద గుంటలోని గుడ్లని కప్పేస్తుంది. ఇంత పని అది చేతులు లేకుండా చేస్తోంది. నా కాలు అక్కడ పడి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఆ గుడ్లు పిల్లలు కావడానికి నీటి చలిని బట్టి రోజులు పడతాయి. నీళ్లు 10 డిగ్రీలుంటే సుమారు 40 రోజులు, 5 డిగ్రీలుంటే దాదాపు రెట్టింపు. పొదిగాక కూడా పిల్లలు కొన్ని వారాలు కంకర సందుల్లోనే, పొట్ట కింది సొన తింటూ ఉంటాయి. నవంబరులో పెట్టిన గుడ్డు నుంచి వచ్చిన పిల్ల సొంతంగా ఈదడానికి ఫిబ్రవరి, మార్చి అవుతుంది. నిషేధం ఫిబ్రవరి ఆఖరు దాకా ఎందుకో దీన్నిబట్టే అర్థమవుతుంది. మీ వ్యాసం చదివి డిసెంబరులో వెళ్లినవాడు గేలం వేయకపోయినా, ఫొటో కోసం బూట్లతో వాగులోకి దిగితే చాలు, వందల గుడ్లు నలిగిపోతాయి.

విశాఖ వాళ్లకి దీన్ని ఇంకా సులువుగా చెప్పొచ్చు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన సముద్రంలో మరబోట్లకి వేట నిషేధం. ఆ రెండు నెలలు రేవులో బోట్లు ఒకదానికొకటి ఆనుకుని కదలకుండా ఉంటాయి. నా కొట్టులో బేరం సగానికి సగం పడిపోతుంది. అయినా ఒక్క జాలరి కూడా అది అన్యాయం అనడు. భృతి ఆలస్యమైతే అడుగుతాడు, అంతే. చేప గుడ్లు పెట్టుకునే కాలంలో దాన్ని వదిలేయాలని ఆ కుటుంబాలకి ఎవరూ నేర్పక్కర్లేదు. కడుపుకాలి వేటకి పోయే మనిషే రెండు నెలలు ఆగుతుంటే, సరదాకి పోయే మనం మన సెలవులు చూసుకుని పోవడం ఏం న్యాయం?

కాబట్టి పెద్ద ట్రౌట్ కోసం వెళ్లేవాళ్లు సెలవుల లిస్టు చూడకూడదు, నది లెక్క చూడాలి. మార్చి, ఏప్రిల్ మంచివి. మంచు ఇంకా జోరుగా కరగదు, నీళ్లు తేటగా ఉంటాయి. మే, జూన్‌లో మధ్యాహ్నమయ్యేసరికి కరిగిన మంచుతో నది ఉబ్బుతుంది. బియ్యం కడిగిన నీళ్ల రంగులోకి తిరుగుతుంది. అప్పుడు తెల్లారాక నాలుగైదు గంటలపాటే వేట. జూలై, ఆగస్టుల్లో వెళ్లొద్దు. 2023 జూలైలో అక్కడి బియాస్ నది ఎలా పొంగిందో టీవీల్లో అందరూ చూశారు. నా అనుభవంలో అన్నిటికన్నా మంచిది సెప్టెంబరు మూడో వారం నుంచి అక్టోబరు మొదటి వారం దాకా. వాన వెనకబడుతుంది, నీళ్లు తేటపడతాయి, చలికాలం ముందు చేపలు బాగా తింటాయి. అక్టోబరు చివర్లో నిషేధం ఇంకా రాకపోయినా జతలు కట్టడం మొదలుపెట్టేస్తాయి. అప్పుడు వాటి జోలికి పోకపోతేనే మంచిది.

మత్స్యశాఖ పర్మిట్ లేకుండా గేలం నీళ్లలో పడకూడదు. రోజు లెక్కన ఇస్తారు, పెద్ద ఖర్చు కాదు. లోయ పైభాగం గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కు. 2014 నుంచి ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. లోపలికి పోవాలంటే దానికి వేరే అనుమతి.

ఇక మీరు వేసిన పెద్ద ఫొటో. నది మధ్యలో బండ మీద ముగ్గురు పిల్లలు చేతులు చాచి నిలబడ్డారు. అది ఏ నదో కింద రాయలేదు. సార్, 2014 జూన్ 8 సాయంత్రం తెలుగు ఇళ్లలో ఎవరూ మర్చిపోలేరు. హైదరాబాద్ ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు థలౌట్ దగ్గర బియాస్‌లో రాళ్ల మీద ఫొటోలు తీసుకుంటుంటే, పైన లార్జి డ్యామ్ నుంచి వదిలిన నీళ్లు వచ్చి 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. తీర్థన్ వచ్చి బియాస్‌లో కలిసేది ఆ లార్జి దగ్గరే. ఔట్ నుంచి లోయకి వెళ్లే జీపులు ఆ పక్క నుంచే పోతాయి. తీర్థన్ మీద అలాంటి పెద్ద డ్యామ్ లేదు, నిజమే. కానీ వ్యాసం చదివిన కుర్రాడికి ఏ నీళ్లు తీర్థన్‌వో, ఏవి బియాస్‌వో ఎలా తెలుస్తుంది? దారిలో ఎక్కడ అందంగా కనిపిస్తే అక్కడ దిగిపోతాడు. డ్యామ్ కింద నదిలో నీళ్లు తక్కువగా ఉన్నాయంటే అవి పైన ఆగి ఉన్నాయని అర్థం. ఎప్పుడు వదులుతారో బండ మీద నిలబడ్డవాడికి తెలియదు. ఈ ఒక్క ముక్క ఆ ఫొటో కింద వేసి ఉండాల్సింది.

పెద్ద చేప సంగతికి వస్తాను. కుర్రాళ్లు సెల్‌లో న్యూజీలాండ్ చేపని చూపించారు. 2020లో అక్కడ ఒక కాలువలో 20 కిలోల బ్రౌన్ ట్రౌట్ పడింది, ప్రపంచ రికార్డు. అది చేపల పెంపకం కేంద్రాల మేత కొట్టుకొచ్చే కాలువ. మన హిమాలయ వాగుల్లో నీళ్లు చల్లన, తిండి తక్కువ, పెరుగుదల నెమ్మది. నేను చూసినవాటిలో ఎక్కువ శాతం పావుకిలో, అరకిలో. కిలోన్నర దాటింది పడితే జన్మంతా చెప్పుకోవచ్చు. ఆ సైజు చేప అక్కడ ఎన్నో ఏళ్లు బతికి ఉంటుంది. పగలు బండల కింద నీడలో ఉంటుంది, పొద్దు వాలాక బయటికి వచ్చి చిన్న చేపల్ని తింటుంది. ఎప్పుడూ ప్రవాహానికి ఎదురు ముఖం పెట్టి ఉంటుంది. కాబట్టి మనం కింది వైపు నుంచి, వంగి, చప్పుడు లేకుండా పోవాలి. మన నీడ దాని మీద పడిందంటే ఆ పూటకి అక్కడ ఇంకేమీ పడదు. రుషికొండలో పారల కోసం వాడే లావు దారం, మూడు కొక్కేల గేలం అక్కడ పనికిరావు.

2018 సెప్టెంబరు చివరి వారంలో, అంటే వెనక్కి తిరిగొచ్చేసిన మరుసటి ఏడాది, మళ్లీ వెళ్లాం. ఈసారి పర్మిట్ జేబులో పెట్టుకునే దిగాం. మూడో రోజు సాయంత్రం ఆరు కావస్తోంది. నీళ్లు 11 డిగ్రీలు. గేలం కొనకి వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లుని ముందే కటింగ్ ప్లేయర్‌తో నొక్కేశాను. పెద్ద బండ వెనక సుడిలోకి స్పిన్నర్, అంటే నీళ్లలో గిర్రున తిరిగే రేకు ఉన్న గేలం, వేసి రెండు చుట్లు తిప్పానో లేదో, రాయికి తగులుకున్నట్టు ఆగిపోయింది. ఆ రాయి కదిలింది. నాలుగైదు నిమిషాలు పట్టింది. ఇంకా ఆడించొచ్చు గానీ, ఎక్కువసేపు అలసిపోతే వదిలినా బతకదు. రబ్బరు వలలోకి తీసి నీళ్లలోనే ఉంచాను. తేనె రంగు ఒళ్లు, వీపు మీద నల్ల చుక్కలు, పక్కల ఎర్ర చుక్కలు, ఒక్కో ఎర్ర చుక్క చుట్టూ గోటితో గీసినట్టు లేత వలయం. వల పిడి మీద కొలిస్తే 52 సెంటీమీటర్లు. కింది దవడ వంగి లేదు. ఆడది.

మా బావమరిది గట్టు మీద నుంచి ఒకటే అరుపు. "ఏటి బావా, ఇంత దూరం వచ్చి వదిలేస్తావా? పర్మిట్ ఉంది కదా!" పర్మిట్ ఉంది. చట్టం అడ్డం చెప్పదు. కానీ నాకు కిందటేడు చూసిన ఆ తెల్లటి కంకర గుర్తొచ్చింది. ఆడ ట్రౌట్ కిలో బరువుకి సుమారు 1500 నుంచి 2000 గుడ్లు పెడుతుంది. అది కిలోన్నర ఉంటుంది. ఇంకో నెలన్నరలో అది ఆ వాగెక్కి రెండు వేల పైచిలుకు గుడ్లు పెట్టాల్సిన తల్లి. చెయ్యి తడుపుకున్నాను. పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి మీద జిగురు ఊడిపోయి బూజు పడుతుంది. గేలం తీసి, తల ప్రవాహానికి ఎదురుగా ఉంచి, పొట్ట కింద అరచెయ్యి ఆనించి పట్టుకున్నాను. మొప్పలు నిదానంగా ఆడాయి. ఉన్నట్టుండి అరచేతిలో బలం తెలిసింది, అంతే, చెయ్యి ఖాళీ. మా బావమరిది ఫొటో తీసేలోపు తోక మాత్రం దొరికింది. ఆ ఫొటో కొట్టులో గోడ మీద ఉంది. చూసినవాళ్లు చేప ఏదీ అని అడుగుతారు.

మన రేవులో పండుగప్ప గురించి పాతవాళ్లకి తెలుసు. అది చిన్నప్పుడు మగది, పెద్దయ్యాక ఆడదవుతుంది. పెద్ద పండుగప్ప దాదాపు ఎప్పుడూ తల్లే. ట్రౌట్ అలా మారదు గానీ, పెద్దదాన్ని తీస్తే పోయేది ఒక్క చేప కాదన్న లెక్క రెండింటికీ ఒకటే. తినాలనిపిస్తే బంజార్, గుషైనీల్లో ఏ బసలోనైనా వేయించి పెడతారు. అది ఎక్కువగా చెరువుల్లో పెంచిన రెయిన్‌బో ట్రౌట్. పక్కన గులాబీ చార ఉంటుంది. నాగినీలో సర్కారు వారి ట్రౌట్ ఫారం కూడా ఉంది. కడుపునిండా తినండి. నదిలో పెద్దదాన్ని చూసి, కొలిచి, వదిలేయండి.

ఒక లెక్చరర్ గారు, నా పాత స్నేహితులు, ఈ మాటకి ఎదురు చెప్పారు. "అది దొరలు తెచ్చిన చేప కదా, అక్కడి మన చేపల్ని తింటుంది, దాని మీద ఇంత జాలి ఎందుకు?" అన్నారు. ఆయన మాటలో నిజం ఉంది. 1899లో బ్రిటన్ నుంచి కాశ్మీర్‌కి పంపిన గుడ్లు దారిలోనే చచ్చిపోతే, మళ్లీ 1900లో స్కాట్లండ్ నుంచి తెప్పించి అక్కడ పొదిగించారు. తర్వాత 1909 ప్రాంతంలో కులూ వైపు వచ్చింది. అక్కడ పుట్టిపెరిగిన స్నో ట్రౌట్ అనే చేప పిల్లల్ని ఇది తింటుంది. నేను కాదనను. కానీ నూరేళ్లకి పైగా ఆ లోయలో ఉండి, వందల ఇళ్లకి అన్నం పెడుతున్న చేపని గుడ్ల కాలంలో తొక్కేస్తే స్నో ట్రౌట్ బతికొస్తుందా? తొక్కిన కాలుకి రెండింటి తేడా తెలియదు.

కానీ ఆయన మాట వల్లే మీ వ్యాసం చివరి పేరా నాకు ఇంకా భయం పుట్టించింది. అరకు, లంబసింగి వాగుల్లో కూడా ట్రౌట్ వదిలితే పర్యాటకం పెరుగుతుందని రాశారు. దయచేసి ఆ ఆలోచన ఎవరికీ ఎక్కించకండి. లంబసింగిలో జనవరి తెల్లవారుజామున సున్నా దగ్గరికి వెళ్లిన మాట నిజమే. ట్రౌట్‌కి కావలసింది నాలుగు రోజుల చలి కాదు, ఏడాదంతా చల్లటి నీళ్లు. 20 డిగ్రీలు దాటితే దానికి ఊపిరి ఆడదు, 25 దగ్గర చచ్చిపోతుంది. మే నెలలో అరకు వాగులో చెయ్యి పెట్టి చూడండి. నీలగిరుల్లో 19వ శతాబ్దం నుంచి ప్రయత్నాలు చేస్తే, చివరికి రెండు వేల మీటర్ల ఎత్తున నిలిచింది రెయిన్‌బో ట్రౌట్. మన ఏజెన్సీ వాగుల్లో మన చేపలు ఉన్నాయి. గిరిజనులు వాటిని తింటున్నారు. వాటిని వాటి మానాన ఉండనివ్వండి.

నేను కోరేది ఇంతే. వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే సైజు అక్షరాలతో ఒక సవరణ వేయండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వేట నిషేధమని, పర్మిట్ తప్పనిసరి అని, డ్యామ్ కింద నదిలోకి దిగవద్దని రాయండి. ఆ నలుగురు కుర్రాళ్లు టికెట్లు క్యాన్సిల్ చేసుకున్నారు. సెప్టెంబరుకి మళ్లీ వస్తామన్నారు. మూడు కొక్కేల గేలాలు కాకుండా ఒంటి కొక్కెం స్పిన్నర్లు, సన్న దారం తెప్పించి పక్కన పెట్టాను. మీ సవరణ వస్తే కత్తిరించి ఆ పొట్లంలోనే పెడతాను.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
పాత పోస్టాఫీసు దగ్గర, విశాఖపట్నం